బేస్ గిటార్‌లో చెక్క మాట ఎంతవరకు చెల్లుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చర్చి క్వయర్‌లో బేస్ వాయిస్తున్నారు, పాతది మార్చి కాస్త మంచిది కొనాలనుకుంటున్నారు. షాపులో రెండు చూపించారు. ఒకటి ఆల్డర్ చెక్క బాడీ, రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు (తీగల కింద వేళ్లు నొక్కే పలక). రెండోది యాష్ బాడీ, మేపుల్ ఫ్రెట్‌బోర్డు, ధర 15 వేలు ఎక్కువ. యాష్ అయితే సౌండ్ బ్రైట్‌గా, పంచ్‌తో వస్తుందని, ఆల్డర్ వార్మ్‌గా ఉంటుందని చెప్పారు. ఆ 15 వేలు చెక్క మీద పెట్టవచ్చా? రేపెప్పుడైనా ఆ పలక మీది లోహపు మెట్లు, అంటే ఫ్రెట్‌లు, తీయించి ఫ్రెట్‌లెస్ చేసుకుంటే ఏ చెక్క మంచిది?

సూటిగా చెప్తాను. చెక్క వల్ల తేడా వస్తుంది, కానీ షాపువాళ్లు చెప్పిన చోట కాదు. బాడీ చెక్క పేరు చూసి టోన్ ఊహించడం కుదరదు. నెక్, అంటే ఎడమ చేత్తో పట్టుకునే పొడుగాటి మెడ, దాని చెక్క ఎంత బిగువుగా ఉందన్నది మాత్రం వాయించిన ప్రతిసారీ చేతికీ చెవికీ తెలుస్తుంది. బేస్ వాయిస్తూ, వాటిని విప్పి బాగుచేస్తూ ఏళ్ల తరబడి గడిపిన మీదట నాకు కుదిరిన అభిప్రాయం ఇది. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే చెక్క పేరు మీద డబ్బంతా పెట్టేసి, తీగలకూ సెటప్‌కూ (నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేయించడం) మిగలక, మంచి బేస్ నుంచి చెడ్డ సౌండ్ తీస్తున్న కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పికప్ ఏం వింటుందో ముందు చూద్దాం. అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగ కొన్ని వేల చుట్లు చుడితే అదే పికప్. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది, అది యాంప్‌కు వెళ్తుంది. అంటే పికప్‌కు తెలిసింది తీగ కదలిక ఒక్కటే. చెక్క శబ్దం దానికి నేరుగా వినపడదు.

వీణతో పోల్చి చూడండి. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. తీగ కంపనం గుర్రం మీదుగా కుండ పైపలకకు చేరి, ఆ పలక గాలిని కదిలిస్తేనే మనకు నాదం వినిపిస్తుంది. అక్కడ చెక్కే స్పీకరు. పలక మందం మారినా, దుంగ సరిగ్గా ఆరకపోయినా నాదం మారుతుంది. సాలిడ్ బాడీ బేస్‌లో గాలిని కదిలించే పని యాంప్ కోన్‌ది. అకూస్టిక్ వాయిద్యాల మీద తరతరాలుగా ఉన్న అనుభవాన్ని ఎలక్ట్రిక్ బేస్‌కు యథాతథంగా అంటగట్టడం దగ్గరే ఈ గందరగోళమంతా మొదలైంది.

అకూస్టిక్ గిటార్‌లో కూడా చెక్క రకం గురించి మనం నమ్మేదంతా పరీక్షకు నిలబడలేదు. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీవాళ్లు ఒకే డిజైన్‌తో 6 గిటార్లు చేయించారు. పైపలకలు అన్నిటికీ ఒకటే రకం, వెనక పలకా పక్కలూ మాత్రం ఒక్కోదానికి ఒక్కో చెక్క. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ నుంచి మామూలు సపేలీ దాకా ఉన్నాయి. 52 మంది గిటారిస్టులకు మసక వెలుతురులో, వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టి ఇచ్చారు, ఏది ఏ చెక్కో కనబడకుండా. 2018లో ఫలితాలు ప్రచురించారు. మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఏది ఏదో నమ్మకంగా గుర్తుపట్టడమూ వాళ్ల వల్ల కాలేదు. గాలిని నేరుగా కదిలించే గిటార్లలోనే పరిస్థితి ఇదైతే, రెండంగుళాలకు కాస్త తక్కువ మందమున్న పలకకు పికప్ బిగించిన బేస్ సంగతి చెప్పాలా?

అలాగని చెక్కకు పనే లేదనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. తీగ రెండు చివర్లా దేన్నో పట్టుకుని ఉండాలి. ఆ పట్టు కదిలితే తీగలోని శక్తి అటు కారిపోతుంది. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత త్వరగా కారిపోతుందన్నదే నోటు నిలకడ, అదే కొంతవరకు టోన్ కూడా. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) వైపు చూస్తే, దాన్ని దళసరి చెక్కకు స్క్రూలతో బిగించారు. అది దాదాపు కదలదు. ఆల్డర్ అయినా యాష్ అయినా ఆ వైపు కారిపోయేది చాలా తక్కువ.

నెక్ వైపు కథ వేరు. పొడుగాటి సన్నని చెక్క. ఒక చివర బాడీకి బిగించి ఉంటుంది, రెండో చివర హెడ్‌స్టాక్ అనే తల భాగం, దాని మీద తీగలు బిగించే నాలుగు బరువైన ట్యూనర్లు. నాలుగు తీగలూ కలిసి దాన్ని 75 కిలోలకు అటూ ఇటూగా లాగుతుంటాయి. అలాంటి చెక్కకు తనదైన కంపనం ఉంటుంది. మీరు వాయించిన నోటు ఫ్రీక్వెన్సీ ఆ కంపనానికి దగ్గరగా వస్తే, తీగ శక్తిని నెక్ మింగేస్తుంది. నోటు డుప్పుమని మొదలై అంతలోనే ఆరిపోతుంది. డెడ్ స్పాట్ అనేది ఇదే. మ్యూనిక్‌లో హెల్ముట్ ఫ్లైషర్ అనే పరిశోధకుడు ఎలక్ట్రిక్ గిటార్ల మీదా, బేస్‌ల మీదా ఈ కదలికలను ఫ్రెట్ ఫ్రెట్‌కూ కొలిచి చూపించాడు. నెక్ ఎక్కడ ఎక్కువగా కదలడానికి ఒప్పుకుంటుందో అక్కడే నోటు త్వరగా చస్తోంది, బ్రిడ్జి వైపు పాత్ర దాదాపు లేదు.

మీ బేస్ మీదే ఇది వినవచ్చు. అమెరికా కంపెనీ ఫెండర్ తరహా బేస్ అయితే, అన్నిటికంటే సన్ననిదైన జి తీగ మీద 5వ ఫ్రెట్ నుంచి 7వ ఫ్రెట్ దాకా, అంటే సుమారు 131 హెర్ట్జ్ నుంచి 147 హెర్ట్జ్ మధ్య, ఒక్కో నోటే నెమ్మదిగా వాయించి పూర్తిగా ఆరిపోయేదాకా ఆగండి. చాలా బేస్‌లలో వాటిలో ఒకటి మిగతావాటికంటే ముందే పోతుంది. ఇప్పుడు అదే నోటును డి తీగ మీద ఐదు ఫ్రెట్‌లు పైన వాయించండి. అక్కడ నెక్ బాడీకి దగ్గర, కదలిక తక్కువ. నోటు నిలబడుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక బేస్‌లో 6వ ఫ్రెట్ సి షార్ప్ ఇలాగే పోతుండేది. హెడ్‌స్టాక్‌కు కార్పెంటర్ల చిన్న క్లాంప్ ఒకటి, మధ్యలో గుడ్డ పెట్టి బిగించాను. సి షార్ప్ చక్కగా మోగడం మొదలైంది, పక్కనున్న సి నోటు నీరసపడింది. తీగలు మార్చలేదు, పికప్ ముట్టుకోలేదు. చివర బరువు పెరిగేసరికి నెక్ కంపనం కాస్త కిందికి దిగింది, డెడ్ స్పాట్ ఒక ఫ్రెట్ జరిగింది. చెక్క పని చేసే తీరు ఇలా ఉంటుంది.

ఫెండర్ తరహా బేస్‌లకు నెక్ బోల్టులతోనే బిగిస్తారు కాబట్టి నెక్‌లు అటూ ఇటూ మార్చి చూడటం కష్టం కాదు. ఒకే కంపెనీ బేస్‌లు రెండింటికి నేనలా మార్చాను. ఏ నోటు నిలుస్తుంది, ఏది పోతుంది, అటాక్ (నోటు మొదట్లో పడే దెబ్బ) ఎంత గట్టిగా ఉంటుంది, ఈ లక్షణాలు నెక్‌తో పాటే వెళ్లాయి. బాడీ దగ్గర ఉండిపోయింది ఎక్కువగా బరువూ, పికప్ సౌండూ.

తయారీదార్లకు ఇది ఎప్పుడో తెలుసు. 1970ల నుంచే అలెంబిక్‌వాళ్లు రకరకాల చెక్క పట్టీలు అతికించి, నెక్ బాడీలోంచి చివరిదాకా సాగేలా చేశారు. మాడ్యులస్‌వాళ్లు నెక్‌ను ఏకంగా కార్బన్ ఫైబర్‌తో చేశారు. నెడ్ స్టైన్‌బర్గర్ అయితే హెడ్‌స్టాకే తీసేశాడు. జర్మనీ కంపెనీ వార్విక్ నెక్‌లకు వెంగే వాడింది, అది ఘనపు మీటరుకు 870 కిలోల దాకా తూగే గట్టి చెక్క. వీళ్లంతా నెక్ బిగువు పెంచి, దాని కంపనాన్ని వాయించే నోట్లకు దూరం జరపడానికి చూశారు. కార్బన్ నెక్ ఉన్న బేస్ వాయిస్తే అన్ని నోట్లూ దాదాపు సమానంగా మోగుతాయి. కొందరికి అది మరీ నున్నగా అనిపిస్తుంది. నాకు మేపుల్ నెక్‌లో ఉండే ఆ కాస్త ఎగుడుదిగుడే ఇష్టం.

ఇక "యాష్ బ్రైట్, ఆల్డర్ వార్మ్" అన్న మాట ఎలా పుట్టింది? దీనికి చరిత్రలోకి వెళ్లాలి. లియో ఫెండర్ 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు బాడీ యాష్, నెక్ ఒకే ముక్క మేపుల్. 1956 నుంచి ఎక్కువ బాడీలు ఆల్డర్‌తో చేశారు. ఆల్డర్ అక్కడ చవకగా దొరికేది, యాష్‌లా దానికి రంధ్రాలు పూడ్చే పని ఉండదు, రంగు త్వరగా పడుతుంది. 1959లో రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డులు వచ్చాయి, 1960లో జాజ్ బేస్ వచ్చింది. అంటే 60ల బేస్ అనగానే మనకు గుర్తొచ్చేది ఆల్డర్, రోజ్‌వుడ్. 1970లలో మళ్లీ యాష్ బాడీలు, మేపుల్ ఫ్రెట్‌బోర్డులు ఎక్కువయ్యాయి.

అదే కాలంలో ఇంకేం మారాయో చూడండి. 70ల మొదట్లో జాజ్ బేస్ బ్రిడ్జి పికప్‌ను సుమారు 10 మిల్లీమీటర్లు బ్రిడ్జి వైపు జరిపారు. బ్రిడ్జి దగ్గర తీగ ఊగే వెడల్పు తక్కువ, పై హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు మోగే పై స్వరాలు) పాలు ఎక్కువ, కాబట్టి సౌండ్ పలచబడి కొరుకుడు పెరుగుతుంది. తీగలు కూడా మారాయి. 60ల రికార్డింగుల్లో ఎక్కువగా ఫ్లాట్‌వౌండ్, అంటే పైన చదునైన పట్టీ చుట్టిన నున్నటి తీగలు. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్‌లో బేసిస్టు జేమ్స్ జేమర్సన్ తన ప్రెసిషన్ మీద లావుపాటి లా బెల్లా ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, అవి తెగితే తప్ప మార్చేవాడు కాదు, బ్రిడ్జి కవర్ కింద స్పాంజి ఉండేది, ఒక్క చూపుడు వేలితోనే వాయించేవాడు. 70లకు వచ్చేసరికి గుండ్రటి తీగ చుట్టిన, గరుకుగా ఉండే కొత్త రౌండ్‌వౌండ్ తీగలు, బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్. స్లాప్‌కు పేరుపడ్డ బేసిస్టు మార్కస్ మిల్లర్ వాయించే 1977 జాజ్ బేస్ యాష్ బాడీ, మేపుల్ బోర్డు అన్నది నిజమే. కానీ అందులో గిటార్ తయారీదారు రోజర్ సడౌస్కీ పెట్టిన ప్రీయాంప్ (సౌండ్‌ను పెంచి మలిచే సర్క్యూట్) ఉంది, బ్రిడ్జి మార్చి ఉంది, అన్నిటికీ మించి ఆ బొటనవేలు ఉంది. ఇన్ని ఒకేసారి మారితే, కంటికి కనబడే చెక్కకు పేరు దక్కింది. లేత రంగు చెక్క బ్రైట్, ముదురు రంగు చెక్క వార్మ్ అని జనం చూపుతోనే టోన్ తేల్చేశారు.

మహాగనీ విషయమూ ఇంతే. గిబ్సన్ కంపెనీ ఈబీ-0 బేస్ సౌండ్ మందంగా, బురదలా ఉంటుందని, అది మహాగనీ గుణమని అంటారు. దాని స్కేల్ (మోగే తీగ పొడవు) 30.5 అంగుళాలు, ఫెండర్‌ది 34. తీగ పొట్టిదైతే టెన్షన్ తగ్గుతుంది. పైగా వేలకొద్దీ చుట్లున్న పెద్ద హంబకర్ (జంట చుట్టల) పికప్ నెక్‌కు ఆనుకుని ఉంటుంది. ఆ బాడీని మేపుల్‌తో చేసినా సౌండ్ దాదాపు అదే వస్తుందని నా నమ్మకం.

పికప్ స్థానం ఎంత బలమైనదో ఒక్క లెక్కతో తెలుస్తుంది. 34 అంగుళాలంటే 864 మిల్లీమీటర్లు. ఖాళీ తీగ మీద పికప్ సరిగ్గా నాలుగో వంతు దగ్గర, అంటే బ్రిడ్జి నుంచి 216 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, నాలుగో హార్మోనిక్ అక్కడ కదలదు, కాబట్టి దాదాపు వినపడదు. పికప్‌ను జరిపితే ఆ హార్మోనిక్ తిరిగి వస్తుంది. చెక్క మార్చి ఇంత మార్పు తెచ్చినవాళ్లను నేను చూడలేదు.

యాష్ అన్న పేరులో కూడా బోలెడు తేడాలున్నాయి. అమెరికా దక్షిణాన చిత్తడి నేలల్లో పెరిగే యాష్ మొదలు భాగం తేలిగ్గా ఉంటుంది, స్వాంప్ యాష్ అంటే అదే. ఉత్తరాది యాష్ బండలా బరువు. ఒకే చెట్టులో కూడా కింది ముక్కకూ పై ముక్కకూ బరువు కలవదు. దానికితోడు ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు అమెరికాలో కోట్లాది యాష్ చెట్లను చంపింది. 2020లో ఫెండర్ తన మామూలు మోడళ్ల నుంచి యాష్‌ను తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ఈరోజు యాష్ ధర ఎక్కువ ఉండటానికి ఈ కొరత కూడా ఒక కారణం. మీ 15 వేలు టోన్‌కు పోతున్నాయో కొరతకు పోతున్నాయో అర్థమైందనుకుంటాను.

బాడీ చెక్కలో నేను నిజంగా చూసేది బరువు. ఆదివారం ఆరాధన, ఆపైన యూత్ మీటింగు, పండగ రోజుల్లో క్యారల్స్, గంటల తరబడి నిలబడి వాయించేవాళ్లు మీరు. 3.6 కిలోల బేస్‌కూ 5 కిలోల బేస్‌కూ తేడా సాయంత్రానికి భుజం చెబుతుంది. బాడీ మరీ తేలికైతే ఇంకో ఇబ్బంది, చెయ్యి వదలగానే హెడ్‌స్టాక్ నేలవైపు వాలుతుంది. ఎడమ చెయ్యి నెక్‌ను మోస్తూ వాయిస్తే ఏ నోటూ శుభ్రంగా రాదు. బెల్టు వేసుకుని రెండు చేతులూ వదిలి చూడండి.

ఇప్పుడు షాపుకు వెళ్లి ఏం చేయాలో చెప్తాను. రెండు బేస్‌లూ ముందు యాంప్ లేకుండా తీసుకోండి. నాలుగు తీగల మీదా 1 నుంచి 12 దాకా ప్రతి ఫ్రెట్ వాయించి, ఒక్కో నోటు ఎంతసేపు నిలుస్తుందో వినండి. తొందరపడకండి, షాపువాళ్లు విసుక్కున్నా ఫర్వాలేదు. డెడ్ స్పాట్ అసలు లేని చెక్క నెక్ అరుదు, కాబట్టి అది ఎక్కడుందో చూసుకోండి. మీరు ఎక్కువగా వాయించే నోటు మీద పడితే ఆ బేస్ వద్దు. తర్వాత హెడ్‌స్టాక్ వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ పొడుగునా చూడండి, మెలి తిరిగి ఉంటే అది ఏ చెక్కయినా వదిలేయండి. కోస్తా తేమకు నెక్‌లు కదులుతాయి. నెక్ లోపలుండే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్‌తో వంపు సరిచేయవచ్చు గానీ మెలిక సరికాదు. నెక్ అంచున చెక్క రేఖలు నిటారుగా, అడ్డదిడ్డంగా కాకుండా సాగితే మంచి గుర్తు.

ఆ తర్వాత యాంప్‌కు పెట్టండి, కానీ రెండింటి మీదా తీగలు ఒకే వయసువి కాకపోతే ఆ పోలిక చెల్లదు. కొత్త తీగలున్నదే బ్రైట్‌గా వినిపిస్తుంది, షాపుల్లో ఖరీదైన దాని మీదే కొత్త తీగలుంటాయి. పికప్ ఎత్తు కూడా చూడండి. తీగకు 2 మిల్లీమీటర్లు దగ్గర జరిపినా సౌండ్‌లో వాల్యూమ్, పంచ్ రెండూ పెరుగుతాయి. చివరగా మీరు వెనక్కి తిరిగి నిలబడి, స్నేహితుడి చేత రెండూ వాయించి వినండి. చెక్క పేరు తెలియకుండా ఏది నచ్చిందో అది మీది.

నెక్ రెండింటిలో సమానంగా ఉంటే ఆల్డర్‌దే తీసుకోండి. మిగిలిన 15 వేలలో ఒక సెట్ మంచి తీగలు, పనితెలిసినవారి చేత సెటప్, మిగతాది ఒక డీఐ ప్రీయాంప్, అంటే బేస్ సిగ్నల్‌ను మలిచి మిక్సర్‌కు పంపే పెట్టె. చర్చిలో మీ బేస్ నేరుగా మిక్సర్‌కు వెళ్తుందనుకుంటాను. ఖాళీ ఇ తీగ మూల ఫ్రీక్వెన్సీ 41 హెర్ట్జ్, హాల్లో పెట్టే పీఏ స్పీకర్లు చాలావాటికి అంత కిందికి దిగే శక్తి ఉండదు. కూర్చున్నవాళ్లకు వినిపించేది ఎక్కువగా 82, 123 హెర్ట్జ్ దగ్గర హార్మోనిక్సే. అక్కడ బేస్ స్పష్టంగా ఉండాలంటే డీఐ చేసే మేలు ఏ చెక్కా చేయదు.

ఫ్రెట్‌లెస్ సంగతికి వస్తే, ఇక్కడ నా జవాబు మారుతుంది. ఫ్రెట్‌లు ఉన్నంతకాలం తీగ తాకేది లోహాన్ని. రోజ్‌వుడ్డా మేపులా అన్నది నెక్ బిగువును కాస్త మార్చడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. ఫ్రెట్‌లు తీసేస్తే తీగ నేరుగా చెక్క మీద ఆగుతుంది. మెత్తని చెక్క అయితే మోత త్వరగా తగ్గి గుండ్రంగా వినిపిస్తుంది. గట్టిదైతే ఆ "మ్‌వా" అనే సాగుడు బాగా వస్తుంది. ఎబొనీ అందుకే ఫ్రెట్‌లెస్‌లకు పేరుపడింది. ఫ్రెట్‌లెస్‌కు పేరుపొందిన బేసిస్టు జాకో పాస్టోరియస్ తన 1962 జాజ్ బేస్‌కు ఫ్రెట్‌లు తీశాక బోర్డు మీద పడవలకు వాడే ఎపాక్సీ పూత వేశాడు. అతను రోటోసౌండ్ రౌండ్‌వౌండ్ తీగలు వాడేవాడు, పూత లేకపోతే అవి చెక్కను ఆకురాయిలా అరగదీస్తాయి.

మీ రోజ్‌వుడ్ బోర్డు చాలావరకు మన పశ్చిమ కనుమల్లో పెరిగే జిట్రేగి చెక్కే అయ్యుంటుంది. ఘనపు మీటరుకు 830 కిలోల దాకా తూగే గట్టి చెక్క. 2017లో సైటీస్ ఒప్పందం (అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రోజ్‌వుడ్ జాతి మొత్తానికి ఎగుమతి పత్రాలు తప్పనిసరి చేయడంతో చాలా కంపెనీలు పా ఫెర్రో అనే చెక్కకూ, ఇండియన్ లారెల్ అని పిలిచే మన నల్లమద్దికీ మారాయి. పూర్తిగా తయారైన వాయిద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు వచ్చాక రోజ్‌వుడ్ మళ్లీ కనిపిస్తోంది. ఫ్రెట్‌లెస్ చేయించడానికి వీటిలో ఏదైనా సరిపోతుంది. మేపుల్ బోర్డుకు మాత్రం సాధారణంగా పైన లక్క పూత ఉంటుంది, ఫ్రెట్‌లు లాగేటప్పుడు అది పెచ్చులు లేస్తుంది, మళ్లీ పూత వేయించాలి. ఆల్డర్ బేస్ వైపు మొగ్గడానికి మీకు ఇది రెండో కారణం.

పూత లేకుండా ఉంచుకుంటే ఫ్లాట్‌వౌండ్ తీగలు వేయండి, బోర్డు ఏళ్ల తరబడి నిలుస్తుంది. రౌండ్‌వౌండ్ సౌండే కావాలంటే పూత ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. తీసిన ఫ్రెట్ గాళ్లలో లేత రంగు చెక్క పట్టీలు నింపమనండి. వేదిక మీద వెలుతురు తక్కువున్నప్పుడు ఆ గీతలే మీకు శ్రుతి చూపిస్తాయి.